మార్చిలో దమ్ము

1983వ సంవత్సరం, మార్చి నెలాఖరు. న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఒక కౌంటీలో నేను ఎక్స్‌టెన్షన్ ఏజెంటుగా పనిచేస్తున్నాను. మన దగ్గర వ్యవసాయ విస్తరణాధికారి చేసే పనే అది. యూనివర్సిటీలో తేలిన సంగతుల్ని రైతులకీ, పెరట్లో నాలుగు మొక్కలు వేసుకునేవాళ్ళకీ చేరవెయ్యాలి. మన దగ్గర సైకిలెక్కి పొలాలకి పోతారు, అక్కడ సగం రోజు ఫోను పట్టుకుని కూర్చోవాలి. క్యాబేజీకి పురుగు పట్టిందనీ, కుందేలు లెట్యూస్ మేసేసిందనీ, పక్కింటివాడి చెట్టు నీడ తన టమాటాల మీద పడుతోందనీ జనం ఫోన్లు చేసేవారు. చెట్టు నీడకి నా దగ్గర మందు లేదంటే కోపగించుకునేవాళ్ళు కూడా.

చలిదేశపు సాగు తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. అక్కడ బఠాణీ, పాలకూర, ముల్లంగి, ఉల్లి ఇవన్నీ చలినే కోరుకుంటాయి. మంచు కరిగాక ఎంత తొందరగా వేస్తే అంత మంచిది. ఆలస్యమై ఎండలు తగిలాయంటే బఠాణీ తీగ పూత రాల్చుకుని ఊరుకుంటుంది. అందుకని మార్చి వచ్చేసరికి అందరికీ చేతులు ఊరుకోవు. నేల మాత్రం ఒక పట్టాన ఒప్పుకోదు. ఆ సరస్సు ఒడ్డున అంతా బంకమన్ను. మంచునీళ్ళు తాగి ఉబ్బి ఉంటుంది. ఆ సమయంలో దాన్ని కదపకూడదు. మట్టి చిన్నచిన్న గుళికలుగా ఉండి, వాటి మధ్య గాలీ నీరూ ఆడేందుకు సందులుంటాయి. దాన్నే మేము సాయిల్ స్ట్రక్చర్ అంటాం. తడి మీద దున్నితే ఆ గుళికలన్నీ నలిగి ముద్దయిపోయి, ఆరాక ఇటుకలా బిగుసుకుంటాయి.

ఎప్పుడు దున్నాలో తెలుసుకోవడానికి స్క్వీజ్ టెస్ట్ అని ఒకటుంది. పెద్ద శాస్త్రమేం కాదు. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి, ఆ ఉండని బొటనవేలితో పొడవాలి. పొడిపొడిగా విడిపోతే నేల పదునుకొచ్చినట్టు. ముద్దలాగే ఉంటే ఇంటికి పోయి కాఫీ తాగాలి. ఏటా మార్చిలో నోరు నొప్పెట్టేలా నేను చెప్పే పాఠం ఇదే. ఇంకా వద్దు, ఇంకా వద్దు, ఇంకా వద్దు.

ఆ ఊరి చివర చర్చివాళ్ళ పొలం ఒకటుండేది. దాన్ని మళ్ళుగా విడగొట్టి ఊళ్ళోవాళ్ళకి తలా ఒకటి ఇచ్చారు. దాన్ని కమ్యూనిటీ గార్డెన్ అనేవారు. అప్పట్లో ఆ చుట్టుపక్కల స్టీలు మిల్లులు మూతపడుతున్నాయి. ఆ తోటలో సగంమంది ఉద్యోగాలు ఊడినవాళ్ళే. సరదాకి కాదు, కూరలకి వేసుకునేవాళ్ళు. తోట బాధ్యత చూసే వాల్టర్ అనే పెద్దాయన మిల్లులో మెషినిస్టుగా రిటైరైనవాడు. మనిషి మంచివాడు, మాట పొదుపు.

మార్చిలో ఒకరోజు పొద్దున్న వాల్టర్ ఫోను చేశాడు.

"లలితా, నువ్వు ఒకసారి రావాలి. ఇప్పుడే రావాలి."

"ఏమైంది?"

"రాజు తోట దున్నేశాడు."

"ఏ మడి?"

"తోట అంటున్నాను కదా," అన్నాడు.

రాజు అంటే మన వీర్రాజు గారు. భీమవరం వైపు మనిషి. మా అమ్మమ్మగారి ఊరు ఆయన ఊరికి రెండు కాలవల అవతలే. పుట్టి బుద్ధెరిగాక వరి తప్ప వేరే వ్యాపకం లేనివారు. భార్య పోయాక చేలు కౌలుకిచ్చి, అక్కడ హాస్పిటల్లో డాక్టరుగా చేస్తున్న కూతురు రమ దగ్గరికి వచ్చేశారు. కూతురూ అల్లుడూ ఇద్దరూ డ్యూటీల మీద డ్యూటీలు. ఆయన అపార్ట్‌మెంటు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేవారు. చూడలేక నేనే ముందటేడు జూన్‌లో వాల్టర్‌తో చెప్పి ఒక మడి ఇప్పించాను. ఇంగ్లీషు నాలుగు ముక్కలు కూడా రాకపోయినా ఆయన నెల తిరక్కుండా తోటలో అందరికీ కావలసినవాడైపోయారు. బీన్స్, టమాటా, గోంగూర విరగకాయించి పంచిపెట్టారు. చలికాలంలో తోట షెడ్డులో ఉన్న పారలకీ గొడ్డళ్ళకీ పదును పెడుతుంటే చూసి, వాల్టర్ షెడ్డు తాళంచెవి ఆయన చేతిలోనే పెట్టాడు. నన్ను చూస్తే ఆటపట్టిస్తూ "ఆఫీసరమ్మా" అనేవారు. నేను ఆయన్ని బాబాయి గారూ అనేదాన్ని.

జూన్‌లో వచ్చిన మనిషి. ఆ నేలని మార్చిలో ఎప్పుడూ చూడలేదు. ఈ మాట నాకు కారు నడుపుతుండగా తట్టింది.

వెళ్ళేసరికి పొలమంతా నల్లగా, నున్నగా మెరుస్తోంది. మళ్ళ మధ్య గట్లు కూడా ఆనవాలు లేవు. మంచు కరిగిన నీళ్ళు అక్కడక్కడా నిలిచి ఉన్నాయి. చూడగానే నాకు గోదావరి జిల్లా ఆషాఢమాసం కళ్ళ ముందు కట్టింది. వరి ఊడ్పులకి ముందు నీళ్ళు పెట్టి బురదగా దున్నడమే దమ్ము. అంత శుభ్రమైన దమ్ము నేను మా ఊళ్ళో కూడా అరుదుగా చూశాను. ఆ చివర రోటోటిల్లర్, అంటే వెనకాల నడుస్తూ దున్నే చిన్న ఇంజను, బురదలో సగం దిగబడి ఆగి ఉంది. దాని పక్కన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, తలకి మంకీ క్యాప్ పెట్టుకుని వీర్రాజు గారు నిలబడ్డారు. నన్ను చూసి మొహం చాటంత చేసుకున్నారు.

"చూసేవా ఆఫీసరమ్మా! ఒక్కణ్ణే కలియదున్నేసేను. ఈళ్ళు పాపం నీళ్ళు నిలిచేయని భయపడి కూచున్నారు. నీళ్ళుంటేనే కదా దమ్మయ్యేది! రేపొచ్చి ఎవరి మడిలో ఆళ్ళు ఊడ్చుకోడవే."

వాల్టర్ నా పక్కనే ఉన్నాడు. తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు. ఆయన తిడితే బాగుండును అనిపించింది.

"బాబాయి గారూ, ఇది మాగాణి కాదండీ. ఇక్కడ నీరు కిందకి దిగాలి, వేరుకి గాలి ఆడాలి. తడి మీద దున్నకూడదు," అన్నాను.

ఆయన నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద అలాగే ఉండిపోయింది, లోపల మాత్రం లెక్క తిరుగుతోందని తెలుస్తోంది. అరవయ్యేళ్ళు మట్టిలో ఉన్న మనిషికి నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

"అంటే... ఇది ఆరిపోద్ది కదా," అన్నారు నెమ్మదిగా. "దమ్ము చేసిన చేను ఆరితే గునపం దిగదు కదమ్మా."

"అవునండి."

"మరి ఈళ్ళు విత్తనాలెలా పెడతారు?"

ఆ మాట అనేసి ఆయన పొలం అంచున పెట్టిన ఒక తాళ్ళ చుట్ట చూపించారు. పురికొస, పుల్లలు. "ఆ మూల మడిలో ఎవరో తాళ్ళు కట్టేరు. పాడైపోతయ్యని తీసి జాగర్తగా చుట్టి పెట్టేను," అన్నారు. ఆ గొంతులో, ఇదొక్కటైనా సరిగ్గా చేశాను కదా అన్న ఆశ ఉంది.

అవి డోరతీ తాళ్ళు. డోరతీ భర్త కూడా మిల్లులో ఉద్యోగం పోయినవాడే, నలుగురు పిల్లలు. ఆవిడ ముందు శరదృతువులోనే బోదెలు తీసి సిద్ధం చేసుకుంది, వసంతంలో నేల కదపకుండా గింజ గుచ్చితే చాలన్నట్టు. నేనే చెప్పాను ఆ పద్ధతి. మార్చి పదిహేడున వచ్చే ఐరిష్ వాళ్ళ పండుగ నాటికి బఠాణీ నేలలో పడాలని ఆవిడ పట్టుదల. పండుగ నాడే గింజలు పెట్టి తీగ పాకడానికి తాళ్ళు కట్టుకుంది. ఇంకా మొలక పైకి రాలేదు కాబట్టి పైన చూడటానికి ఏమీ లేదు. అవన్నీ ఇప్పుడు ఆ నున్నటి బురద కింద ఉన్నాయి.

వీర్రాజు గారికి ఆ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండవలసిందేమో. ఆయన ప్యాంటు మడతలు కిందకి దించుకుని, బురద కాళ్ళతోనే బూట్లు వేసుకుని, తాళంచెవి తీసి వాల్టర్ చేతిలో పెట్టి, నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి నేలమాళిగ హాల్లో తోటవాళ్ళంతా సమావేశమయ్యారు. మడత కుర్చీలు, పెద్ద కెటిల్‌లో కాఫీ. ఏం చెయ్యాలో చెప్పడానికి నన్ను పిలిచారు. వీర్రాజు గారి తరఫున మాట్లాడటానికి కూడా నేనే. కూతురికి డ్యూటీ. ఆయన కోటు మీద ఇస్త్రీ కండువా వేసుకుని వచ్చి చివర కుర్చీలో కూర్చున్నారు.

ఆ ఊళ్ళో తెలుగు మొహాలు మేమే. వాళ్ళకి ఆయన వేరు, నేను వేరు అని అనిపించదు కదా. నేను లేచి నిలబడగానే అందరి కళ్ళూ నా మీద. నేనే ఆ బురద తొక్కినట్టు నా చెవులు కాలిపోయాయి. ఎందుకు అలా చేశాడని ఫ్రాంక్ అనే ఆయన అడిగితే వరి గురించి చెప్పాను. అక్కడ నీరు ఇంకిపోకుండా అడుగు బిగించడమే పని, అందుకే నీళ్ళలో దున్నుతారు, మీకు సాయం చేద్దామనే చేశారు అని. చెబుతున్నకొద్దీ నాకే అది కుంటిసాకులా వినిపించింది.

ఫ్రాంక్ చెయ్యెత్తి ఆపాడు. "ఆయన మంచోడే. పోయినేడు నాకు టమాటాలిచ్చాడు. కానీ మాకిది హాబీ కాదు. ఆయన ఒక మాట అడగొచ్చు కదా? ఎవర్నైనా?"

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు వీర్రాజు గారు.

"ఒక మాట అడగాల్సింది అంటున్నారు."

ఆయన తల ఊపారు. "నిజమే. అడగలేదు. దున్నటానికి కూడా అడగాలా అనుకున్నాను. అలాగే చెప్పు."

అలాగే చెప్పాను. కొందరు ఆయన మడి తీసేసుకోవాలన్నారు, కొందరు వద్దన్నారు. అప్పుడు ఆయన లేచారు. మంకీ క్యాప్ తీసేశారు. కండువా భుజం మీంచి తీసి నడుముకి చుట్టుకున్నారు. అది చూడగానే నాకు తెలిసిపోయింది. "బాబాయి గారూ, వద్దు" అని నేను అనేలోపే హాలు మధ్యలోంచి నడిచి వెళ్ళి డోరతీ కాళ్ళ మీద పడిపోయారు.

డోరతీ కెవ్వుమంది. గుండెపోటు అనుకుంది పాపం. ఫ్రాంక్ కుర్చీ తన్నేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కోటు బొత్తాలు విప్పి, కాళ్ళ కింద కుర్చీ దిండు పెట్టారు. ఎవరో అంబులెన్సుకి ఫోను చెయ్యమని అరిచారు. వీర్రాజు గారు కళ్ళు తెరుచుకునే ఉన్నారు. తన ఒంటి మీద ఇన్ని చేతులు ఎందుకున్నాయో అర్థంకాక పైకప్పు చూస్తూ పడుకున్నారు. లేవాలని చూస్తే ఫ్రాంక్ రెండు భుజాలూ నొక్కి పట్టి, "కదలకు, కదలకు" అంటున్నాడు.

"ఆయనకి ఏమీ కాలేదు," అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. మళ్ళీ గట్టిగా చెప్పాను. "ఆయనకి జబ్బు కాదు. ఆయన క్షమించమని అడుగుతున్నారు. మా వైపు అలాగే అడుగుతారు."

ఫ్రాంక్ చేతులు వెనక్కి తీసేసుకున్నాడు. డోరతీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించడం అంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. ఆయన చిన్నగా పక్కకి తిరిగి, ఒక చెయ్యి నేలకి ఆనించి లేచి, కోటు బొత్తాలు పెట్టుకున్నారు. ఒక బొత్తాం తప్పు కాజాలో పెట్టుకున్నారు. అది కూడా సర్దలేకపోయాను.

ఆ తరవాత ఎవరూ మడి తీసెయ్యమని అనలేదు. ఫ్రాంక్ కూడా. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. తప్పుకి తగ్గట్టు ఎవరైనా కసిరితే మనిషి తేలికపడతాడు. వాళ్ళు జాలిపడి వదిలేశారు.

వారం తిరిగాక రమ ఆఫీసుకి ఫోను చేసింది. "అక్కా, నాన్న తెల్లారకుండా ఎటో వెళ్తున్నారు. అడిగితే వాకింగ్ అంటున్నారు. బూట్ల నిండా మన్ను. అన్నం సరిగా తినట్లేదు. ఇండియాకి టికెట్ బుక్ చేసెయ్యమంటున్నారు. నాకేం చెయ్యాలో తెలీట్లేదక్కా."

నాకు తెలిసింది. మర్నాడు పొద్దున్నే తోటకి వెళ్ళాను. ముందురోజు వాన పడి అంతా మళ్ళీ తడిసి ఉంది. వీర్రాజు గారు డోరతీ మడిలో వంగుని పారతో బెడ్డలు చితక్కొడుతున్నారు. కొట్టిన చోట బెడ్డ చితికి మళ్ళీ ముద్దవుతోంది. ఆయన నడిచిన చోటల్లా బూటు గుర్తులు గిన్నెల్లా పడి వాటిల్లో నీళ్ళు నిలుస్తున్నాయి. రోడ్డు మీద పోయే కార్లు నెమ్మదించి చూసి వెళ్తున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కోపమా, ఆ కార్లవాళ్ళు చూస్తున్నారని కోపమా అంటే ఇప్పటికీ చెప్పలేను.

"ఏంటి బాబాయి గారూ ఇది! ఉన్నది చాలక ఇంకా ఎంత పాడుచేస్తారు? మీరు వేసే ప్రతి అడుగూ దాన్ని ఇంకా తొక్కేస్తోంది. తెలియట్లేదా?"

ఆయన పార కింద పెట్టారు. "ఏదో ఒకటి చెయ్యకపోతే ఇంట్లో కూచోలేకపోతున్నానమ్మా," అన్నారు. "ఆ పిల్ల బఠాణీలు... నిద్ర పట్టట్లేదు. ఏంచేస్తే బాగవుద్దో చెప్పు, చేస్తాను. ఇసక మొయ్యమంటే ఇసక మోస్తాను."

"ఇసక పోస్తే సిమెంటవుతుంది. ఏమీ చెయ్యకూడదు. దీన్ని బాగుచేసేది చలికాలం. నేలలో నీరు గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ఆ బెడ్డల్ని అదే విడదీస్తుంది. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. మీరు అసలు పెట్టకూడదు."

"ఎప్పటిదాకా?"

"నేను చెప్పేదాకా," అన్నాను. కసిరినట్టే అన్నాను.

ఆయన పార తీసుకుని కడిగి, షెడ్డు గోడకి ఆనించి వెళ్ళిపోయారు. టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదని రమ తరవాత చెప్పింది. ఇంత చేసి పారిపోతే ఇంకేం మొహం మిగులుతుంది అన్నారట.

ఆ ఏడు తోటలో బఠాణీ లేదు, పాలకూర లేదు. ఎండాకాలపు కూరలు కూడా అంతంతమాత్రమే. నా సలహా మీద వాల్టర్ వాళ్ళు ఆగస్టులో బెడ్డల మధ్యే ఓట్సు చల్లారు. కవర్ క్రాప్ అంటారు దాన్ని. కోసుకోవడానికి కాదు, నేలకి దుప్పటిలా ఉండటానికి, వేళ్ళు బెడ్డల్లోకి దిగి సందులు చెయ్యడానికి. చలికి తనే చచ్చి నేల మీద పరుచుకుంటుంది. వీర్రాజు గారు చల్లడానికి రాలేదు. కానీ రోజూ తోటకి వచ్చేవారు. గట్టు పక్కన బెంచీ మీద కూర్చుని, ఎవరి కత్తి మొద్దుబారినా, ఎవరి పార పిడి ఊగినా బాగుచేసి ఇచ్చేవారు. మడుల్లో మాత్రం అడుగు పెట్టేవారు కాదు. చెప్పిన మాట వింటున్నారని నేను సంతోషించాను. అదీ నా తెలివి.

ఆ చలికాలం గట్టిగా వచ్చింది. 1984 ఏప్రిల్లో వాల్టర్ పిలిస్తే వెళ్ళి పిడికెడు మట్టి తీశాను. నొక్కి, వేలితో పొడిచాను. పొడిపొడిగా విడిపోయింది. ఇంకో మూల, ఇంకో మూల చూశాను. చలి తన పని తను చేసింది. "ఇక కానివ్వండి," అన్నాను వాల్టర్‌తో. ఆయన ఆ మాట అందరికీ చెప్పాడు. డోరతీ అప్పటికే గింజలు నానబెట్టుకుని కూర్చుంది. నేను ఆఫీసుకి వచ్చేశాను. ఆ వసంతం నాకు ఫోన్ల మీద ఫోన్లు, మళ్ళీ అటు తిరగలేదు.

మే నెలాఖరులో వేరే పని మీద అటు వెళుతూ తోట దగ్గర ఆగాను. ఎంత బాగుందో చెప్పలేను. డోరతీ బఠాణీ తీగలు తాళ్ళు పట్టుకుని నడుమెత్తు పాకి తెల్లగా పూశాయి. ఉల్లి, పాలకూర, ముల్లంగి, ఒక్కొక్కరి మడి ఒక్కో రకం పచ్చ. మధ్యలో ఒకే ఒక్క మడి బోడిగా ఉంది. ఎండిన ఓట్సు గడ్డి తప్ప ఏమీ లేదు. దాని గట్టు మీద వీర్రాజు గారు గొంతుకూర్చుని ఉన్నారు. చేతిలో మట్టి ఉండ.

పలకరించి పక్కన కూర్చున్నాను. "ఏం వెయ్యలేదేం బాబాయి గారూ?"

"నేల ఇంకా పచ్చిగా ఉందేమోనమ్మా. రోజూ చూస్తన్నా."

ఆయన చేతిలో ఉండ తీసుకున్నాను. ముట్టుకోగానే నా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. నెలన్నర కిందే పదునుకొచ్చిన నేల అది. బఠాణీ కాలం కూడా దాటిపోయింది.

"ఇది ఎప్పుడో ఆరిపోయింది బాబాయి గారూ," అన్నాను.

"తెలుసమ్మా," అన్నారు. చేతికంటిన మన్ను దులుపుకున్నారు. "వాల్టరు కూడా సైగ చేసి చెప్పేడు. చెయ్యి రాలేదు. ఆ పిల్ల వచ్చి గింజలిచ్చింది, అవీ పెట్టలేదు." చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి చూపించారు. గింజలు చెమట తగిలి ముడుచుకున్నాయి. "నువ్వు చెప్పేదాకా వద్దన్నావు కదా. కానివ్వమని నువ్వే వచ్చి చెబుతావని చూస్తన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన ఇంగ్లీషు రాక, నా మాట అర్థంకాక ఆగిపోయిన మనిషి కాదు. నేను నేల గురించి అన్నాను. ఆయన తన గురించి విన్నారు. నేను కార్లవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గులో కసిరి పోయాను. ఆయన ఆ కసురుని తీర్పుగా తీసుకుని, శిక్ష ఎప్పుడు తీరుతుందా అని ఏడాదిపాటు గట్టు మీద కూర్చున్నారు. చలికాలం నేలని బాగుచేసింది. ఆ మనిషిని బాగుచేసే పని నాది. నేను మరిచిపోయాను. మరిచిపోయానని కూడా ఆయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

"కానివ్వండి బాబాయి గారూ," అన్నాను. చాలా చిన్న గొంతుతో వచ్చింది ఆ మాట. "ఆలస్యం నాది. కానివ్వండి."

డోరతీ తన మడిలోంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నట్టుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్నేమీ అడగలేదు. ఆయన జేబులోంచి తీసిన పొట్లం చూసి తల అడ్డంగా ఊపి, తన దగ్గరున్న బీన్స్ గింజలు ఆయన అరచేతిలో పోసింది. బఠాణీకి కాలం దాటినా బీన్స్‌కి అదే అదును. ఆయన చాలాసేపు గట్టు మీదే నిలబడ్డారు. తరవాత బూట్లు విప్పి, మేజోళ్ళు విప్పి, వట్టి కాళ్ళతో మడిలోకి దిగారు. నాకు మొహం తిప్పుకోవాల్సి వచ్చింది.

నా ఉద్యోగంలో సగం "వద్దు" అని చెప్పడమే. ఇంకా విత్తొద్దు, ఇంకా దున్నొద్దు, ఆ మందు కొట్టొద్దు. వద్దని చెప్పడానికి చదువు చాలు. వద్దన్నవాళ్ళే మళ్ళీ ఆ గుమ్మం దాకా వెళ్ళి, ఇక కానివ్వండి అని కూడా చెప్పాలని నాకు ఆ మడి నేర్పింది. అప్పటి నుంచి మార్చిలో ఎవరిని ఆపినా ఏప్రిల్లో నేనే ఫోను చేసేదాన్ని. సగంమంది నవ్వేవారు. ఎప్పుడో వేసేశాం, మీరు చెప్పేదాకా ఎవడాగుతాడు అనేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని.

మొదటి ఫోను మాత్రం వీర్రాజు గారికే. తరవాత రమకి ఒహాయోలో ఉద్యోగం వచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. అక్కడ పెరటి నేల ఎలా ఉందో, ఎప్పుడు పదునుకొస్తుందో నాకేం తెలుసు? అయినా ఏటా మంచు కరిగి మా తోటలో పిడికెడు మట్టి పొడిగా విడిపోయిన రోజున ఫోను చేసేదాన్ని.

"కానివ్వండి బాబాయి గారూ."

అవతల గొంతు సవరించుకుని, "ఆయ్, ఆఫీసరమ్మా," అనేవారు.